గూడు ఫోటోలకు మీ పేజీలో చోటివ్వకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలోని ఫోటోల పేజీలో, మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా యువకుడొకరు లద్దాఖ్‌లో తీసిన ఐబిస్‌బిల్ పక్షి చిత్రాన్ని దాదాపు సగం పేజీ మేర ప్రచురించారు. పక్షి గులకరాళ్ల మధ్య గుడ్ల మీద పొదిగి కూర్చుని ఉంది. కంటిలోని వెలుగు చుక్క సహా ప్రతి ఈకా స్పష్టంగా కనిపిస్తోంది. చిత్రం కింద నది పేరు, ఊరి పేరుతో పాటు ఏ వంతెన దాటాక ఎటు నడిస్తే ఆ గూడు దొరుకుతుందో కూడా రాశారు. ఆ పక్షి కోసం ఈ ప్రాంతం నుంచి అంత దూరం వెళ్లివచ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి పేజీ తిప్పగానే సంబరపడ్డాను. కింది వ్యాఖ్య చదివాక మాత్రం ఈ ఉత్తరం రాయక తప్పదనిపించింది.

అసలు విషయానికి వచ్చే ముందు ఆ వ్యాఖ్యలో రెండు సవరణలు చేయాల్సి ఉంది. అందులో రాసినట్టు ఐబిస్‌బిల్ కొంగ జాతి పక్షి కాదు. మన చెరువు గట్ల మీద, కోసిన పొలాల్లో తిరిగే కంకణం పిట్టనే ఇంగ్లీషులో ఐబిస్ అంటారు. దాని ముక్కులాగే ఈ పక్షి ముక్కు కూడా కిందికి వంగి ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది తప్ప రెండింటికీ చుట్టరికం లేదు. ఇది తీరపక్షుల వర్గానికి చెందినది, అంటే కొంగ కన్నా మన తీతువుకే దగ్గర బంధువు. 1832లో నికోలస్ విగర్స్ శాస్త్రీయ నామం పెట్టిన ఈ పక్షిని శాస్త్రజ్ఞులు ఒక ప్రత్యేక కుటుంబంగా లెక్కిస్తారు, ఆ కుటుంబంలో ఇదొక్కటే జాతి. ఇక ‘అంతరించిపోతున్న పక్షి’ అన్న మాట కూడా సరికాదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య జాబితాలో ఇది ఆందోళన అవసరం లేని జాతుల్లోనే ఉంది. అయినా దీన్ని చూడటం కష్టమే, ఎందుకంటే ఇది ఎక్కడ పడితే అక్కడ ఉండదు. ఎత్తైన కొండల్లో, నది లోయ కాస్త వెడల్పై, నీరు నాలుగైదు పాయలుగా చీలి, నున్నటి గులకరాళ్ల మధ్య పారే చోటే దానికి కావాలి. ఇరుకు లోయలో ఉరికే నీళ్లు దానికి పనికిరావు, బురద రేవులూ పనికిరావు. మధ్య ఆసియా నుంచి హిమాలయాల మీదుగా చైనా దాకా అలాంటి నదులను వెతుక్కుంటూ, ఒక్కో జంట చాలా దూరం ఎడం పాటిస్తూ బతుకుతుంది. గుడ్లు పెట్టే కాలంలో సుమారు 1,700 నుంచి 4,400 మీటర్ల ఎత్తులో ఉండి, చలికాలంలో కొండల పాదాల దాకా దిగివస్తుంది.

నేను దేవరకొండ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఫోటోలు తీయడం పదిహేనేళ్లుగా ఉన్న వ్యసనం, దాని ఖర్చు గురించి మా ఇంట్లో అడిగితే మీకు బాగా చెబుతారు. ఐబిస్‌బిల్‌ను మొదట చూసింది ఉత్తరాఖండ్‌లోని రామ్‌నగర్ దగ్గర, కోసి నదిలో, ఒక డిసెంబరు నెలలో. అక్కడికి ఆ పక్షి చలికాలంలో వస్తుందని పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్లందరికీ తెలుసు కాబట్టి పేరు రాయడానికి సంకోచించడం లేదు. అప్పుడు దూరం నుంచి, పొగమంచులో, రెండు నిమిషాలు మాత్రమే కనిపించింది. దాని సొంత తావులో, ఎండలో, తీరిగ్గా చూడాలన్న కోరికతో రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో, మే నెలాఖరున, లేహ్ వెళ్లాను. సముద్ర మట్టానికి మూడున్నర వేల మీటర్ల ఎత్తున్న ఊరు కాబట్టి మొదటి రెండు రోజులూ గదిలోనే తలనొప్పితో గడిచిపోయాయి. మూడో రోజు తెల్లవారుజామున స్థానికుడైన ఒక డ్రైవరు నన్ను సింధు నదిలో కలిసే ఒక వాగు దగ్గర దింపాడు.

ఆ రోజు నేను చేసిన తప్పు ముందుగా ఒప్పుకోవాలి. పక్షి ఎక్కడుందో తెలియక, ముందుకు వెళితే కనిపిస్తుందేమోనన్న తొందరలో, రాళ్ల మీద తడబడుతూ వాగు వెంబడే నడిచాను. ముప్ఫై అడుగుల దూరంలో ఒక రాయి లేచి నిలబడింది. రాయి అనే అనుకున్నాను, అది పక్షి. మెడ సాచి, తల రెండుసార్లు పైకీ కిందికీ ఊపి, గంట మోగినట్టు వరుసగా నాలుగైదు కూతలు పెట్టి, నీటి మీదుగా ఎగిరి మలుపు దాటిపోయింది. కెమెరా భుజానే ఉంది, కంటి దాకా ఎత్తడానికి కూడా వ్యవధి లేదు. డ్రైవరు ఒడ్డున కూర్చుని అంతా చూశాడు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అతడు హిందీలో నెమ్మదిగా, ‘మీరు దాని దగ్గరికి వెళ్లొద్దు సార్, కూర్చోండి, అదే వస్తుంది’ అన్నాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న నాకు ఆ మాట వినగానే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు వెలుతురు రాకముందే వెళ్లి ఒక పెద్ద బండ వెనుక బోర్లా పడుకున్నాను. మా అమ్మ పాత చీరతో కుట్టిన గుడ్డసంచిని ఖాళీగా తీసుకెళ్లి అక్కడే ఇసుకతో నింపి, దాని మీద లెన్స్ ఆనించాను. ఏడు గంటల ప్రాంతంలో, ఎనభై అడుగుల అవతల, పొట్ట తడిసేంత నీటిలో ఒక పక్షి మేస్తూ కనిపించింది. ఎప్పుడు వచ్చిందో, లేక చీకటి నుంచీ అక్కడే ఉందో చెప్పలేను. బూడిద రంగు వీపు, తెల్లటి పొట్ట, నుదురూ ముఖమూ మసి పూసినట్టు నలుపు, రొమ్ముకు అడ్డంగా నల్లటి పట్టీ, ఆ పట్టీకి పైన సన్నటి తెల్లగీత, అన్నిటికన్నా ముందు కంటిలో పడే ఎర్రటి వంపు ముక్కు. ఇంత రంగు పెట్టుకుని ఎలా కనపడకుండా ఉంటుందని అనుకుంటాం కానీ, అది తల దించి మేత వెతికేటప్పుడు మనకు మిగిలేది బూడిద వీపు ఒక్కటే, అక్కడి వేల గులకల్లో అది మరో గులక. కెమెరా ఆటోఫోకస్ కూడా మనలాగే మోసపోయి, పక్షిని వదిలి దాని వెనుక రాయిని పట్టుకుంటుంది. చివరికి దాన్ని ఆపేసి చేత్తోనే ఫోకస్ చేసుకోవాల్సి వచ్చింది.

ఆ ముక్కు వంపు దేనికో ఆ రోజు అర్థమైంది. కొబ్బరికాయంత గుండ్రటి రాయి పక్కకు చేరి, ముక్కును రాయి ఒంపు వెంట పోనిచ్చి, కింద ఉన్న సందులో తడిమి, ఏదో పురుగును బయటికి లాగింది. తినేముందు ఒకసారి నీటిలో జాడించింది. వెనక వేలు లేని కాళ్లతో, మూడేసి వేళ్ల మీద, జారే రాళ్లను తొక్కుకుంటూ తర్వాతి రాయి దగ్గరికి నడిచింది. రాయి తర్వాత రాయి, అలా దాదాపు గంటసేపు. మధ్యలో నన్ను గమనించిందనే అనుకుంటాను, ఎందుకంటే ఒకసారి మెడ నిటారుగా పెట్టి ఆగింది. నేను ఊపిరి బిగపట్టి కదలకుండా ఉండేసరికి మళ్లీ తల దించింది. మేస్తూ మేస్తూ తానే నా వైపు వచ్చి, నలభై అడుగుల దూరంలో కాసేపు నిలబడింది. పది దాటేసరికి రాళ్లు వేడెక్కి గాలి అలలు అలలుగా కదలడం మొదలైంది, ఆపైన ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా బొమ్మ చెదురుతుంది. అప్పుడు పక్కకు దొర్లి, పాక్కుంటూ వెనక్కి వచ్చేశాను.

తిరిగి వచ్చాక చూసుకుంటే నాకు నచ్చిన చిత్రం నలభై అడుగుల దూరంలో తీసింది కాదు, అంతకు ముందు ఎనభై అడుగుల దూరంలో తీసింది. అందులో వాగు మూడు పాయలుగా కనిపిస్తుంది, వెనుక మంచుకొండ ఉంది, రాళ్ల మీద ఉదయపు నీడలున్నాయి, పక్షి చిటికెన వేలి గోరంత ఉంది. ఆ పక్షి ఎందుకు అక్కడే ఉంటుందో, మరెక్కడా ఎందుకు ఉండదో ఆ బొమ్మ చెబుతుంది. దాన్ని ఒక పోటీకి పంపితే ‘పక్షి చిన్నదిగా ఉంది’ అని తిరస్కరించారు. నిష్ఠూరంగా ఈ మాట రాయడం లేదు. పోటీల వాళ్లూ, పత్రికల వాళ్లూ ఏ రకం ఫోటోను మెచ్చుకుంటే కెమెరా పట్టుకున్నవాళ్లు ఆ రకం ఫోటో కోసమే వెళతారని చెప్పడానికి రాస్తున్నాను. పక్షి పేజీ నిండా ఉండాలంటే పక్షికి దగ్గరవ్వాలి. మేసే పక్షి దగ్గరికి రానివ్వదు, ఎగిరిపోతుంది. లేచినా మళ్లీ అదే చోటికి రాక తప్పనిది గుడ్ల మీద కూర్చున్న పక్షి ఒక్కటే. అందుకే గూటి ఫోటో సులువు, అందుకే దాన్ని ప్రోత్సహించకూడదు.

మీ పేజీలో వచ్చిన చిత్రం తీసిన యువకుడు పక్షిని బాధపెట్టాడని నేను అనడం లేదు. అతడు ఎంత దూరంలో ఉన్నాడో, ఎంతసేపు ఉన్నాడో నేను చూడలేదు. కానీ ఆ చిత్రం చూసి, కింద ఇచ్చిన దారి పట్టుకుని వెళ్లే వందమందీ అతడంత జాగ్రత్తగా ఉంటారని మీరు గానీ నేను గానీ పూచీ ఇవ్వలేం. ఈ పక్షి గూడు చెట్టు కొమ్మ మీది పుల్లల గూడు కాదు. నది నడుమ దిబ్బ మీదో ఒడ్డునో గులకల మధ్య చేసుకున్న చిన్న గుంట, అందులో చిన్న చిన్న రాళ్ల పరుపు, దాని మీద రాళ్ల రంగులోనే ఉండే, సాధారణంగా నాలుగు గుడ్లు. ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి. మనిషి దగ్గరికి వస్తే లేచిపోతాయి, లేచిన ప్రతిసారీ ఆ చలిగాలికి గుడ్లు చల్లబడతాయి. లద్దాఖ్‌లో వీధికుక్కల బెడద నేలమీద గుడ్లు పెట్టే పక్షులన్నిటికీ ఉంది, మనిషి నడిచిన జాడ ఆ కుక్కలకు దారి చూపిస్తుంది. ఒడ్డున నిలబడి చూసేవాడికి గుడ్లు కనపడవు కాబట్టి, ఫోటో కోసం వెతికే కాళ్ల కిందే అవి నలిగిపోయే ప్రమాదమూ ఉంది.

లద్దాఖ్ సంగతి మనకెందుకు అనుకునే పాఠకులుంటారు. వారికోసం కృష్ణ ఒడ్డున నేను చూసినది రాస్తాను. ఏప్రిల్ వచ్చేసరికి నాగార్జునసాగర్ వెనక జలాలు తగ్గి, నది నడుమ ఇసుక, రాళ్ల దిబ్బలు బయటపడతాయి. వాటి మీద చిన్న ప్రాటిన్‌కోల్ అనే తీరపక్షులు గుంపుగా గుడ్లు పెడతాయి, పక్కనే రివర్ టెర్న్‌ అనే నీటిపక్షులు పెడతాయి. ప్రాటిన్‌కోల్ మన పిచ్చుక కన్నా కొంచెం పెద్దది, ఇసుక రంగులో ఉంటుంది, సాయంత్రాలు నీటి మీద పురుగులను పట్టుకుంటూ వానకోయిలలా ఎగురుతుంది. నేను చెప్పే దిబ్బ ఏ ఊరికి ఎదురుగా ఉందో కావాలనే రాయడం లేదు. నిరుడు ఏప్రిల్‌లో ఒక రోజు, మన నల్లగొండ ఎండ సంగతి మీకు తెలిసిందే, ఉదయం పది గంటలకే ఇసుక మీద చెప్పుల్లేకుండా నిలబడలేని వేడి. అలాంటి ఎండలో తల్లి పక్షి గుడ్లను పొదిగేది వెచ్చదనం కోసం కాదు, నీడ కోసం. మధ్యమధ్య ఎగిరి వెళ్లి, నీటిలో పొట్ట ఈకలు ముంచి, తడి పొట్టతో వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. బైనాక్యులర్స్‌తో ఆ రాకపోకలు చూస్తూ గట్టున చెట్టు కింద కూర్చుని ఉండగా, ముగ్గురు యువకులు పుట్టిలో దిబ్బ మీద దిగారు. ఇద్దరి చేతుల్లో పెద్ద కెమెరాలున్నాయి. గుంపంతా ఒక్కసారిగా లేచి, వాళ్ల తలల మీద అరుస్తూ తిరగసాగింది.

వాళ్లు దుర్మార్గులేమీ కాదు. రాయి విసరలేదు, గుడ్డు ముట్టుకోలేదు. ఒకరు మోకాళ్ల మీద కూర్చుని గుడ్లకు దగ్గరగా ఫోటోలు తీస్తుంటే, మరొకరు ఎండ సరిగా పడటం లేదని చెప్పి అతణ్ని ఇటు జరగమంటున్నాడు. నలభై నిమిషాలు ఉన్నారు. అంతసేపూ గుడ్లు ఎండలో ఉన్నాయి. వాళ్లు పుట్టి ఎక్కాక పక్షులు ఇంకా కిందికి దిగకముందే ఎదురుగట్టు నుంచి కాకులు వచ్చాయి. మూడు గుడ్లు ఎత్తుకుపోవడం నేను లెక్కపెట్టాను, ఆపైన లెక్కపెట్టలేదు. తర్వాతి వారం ఆ ముగ్గురిలో ఒకరు తీసిన ఫోటో సామాజిక మాధ్యమాల్లో చూశాను. బాగుంది. వందల మంది మెచ్చుకున్నారు, ‘ఎక్కడ బ్రదర్?’ అని అడిగిన వాళ్లే ఎక్కువ, అతను అందరికీ ఓపిగ్గా దారి చెప్పాడు. మన తీతువు కూస్తే కీడని భయపడే పెద్దవాళ్లు ఆ పిట్ట గుడ్లున్న చేను మూలకు నాగలి పోనివ్వకపోవడం నా చిన్నప్పుడు చూశాను. ఆ భయం మూఢనమ్మకమే, కానీ పిట్టకు మాత్రం మన మెచ్చుకోలు కన్నా అదే మేలు చేసిందేమో.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో, చంపడం, ఉచ్చు పన్నడంతో పాటు అడవి పక్షుల గుడ్లకు నష్టం కలిగించడాన్నీ, గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడాన్నీ చేర్చింది. ఈ సంగతి కెమెరా కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు. 1931-32లో పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేస్తూ మన నల్లమలలోని ఫరహాబాద్‌కు కూడా వచ్చారు. ఆ రోజుల్లో పక్షిని నమోదు చేయాలంటే దాన్ని కాల్చి, తోలు ఒలిచి, చీటీ కట్టి పెట్టెలో పెట్టాల్సి వచ్చేది, వేరే దారి లేదు. ఇవాళ మనకు కెమెరా ఉంది, చంపకుండానే పక్షిని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ వెసులుబాటును గూటి దగ్గరే పాడుచేసుకుంటున్నాం. నదుల్లో ఇసుక తవ్వకాలు, రాళ్ల తవ్వకాలు ఈ పక్షులకు ఇంకా పెద్ద ముప్పు, కోసిలోనైనా మన దుందుభిలోనైనా. అది వేరే ఉత్తరానికి తగిన విషయం. టిప్పర్లను ఆపడం నా చేతిలో లేదు, మీ చేతిలోనూ పూర్తిగా లేదు. ఫోటోల పేజీ మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది.

కాబట్టి నా విన్నపం ఇది. గుడ్లు, గూడు, ఇంకా ఎగరలేని పిల్లలు ఉన్న చిత్రాలను, అవి ఎంత బాగున్నా, వేయకండి. పక్షి దొరికిన చోటును జిల్లా పేరుతోనో నది పేరుతోనో ఆపేయండి, వంతెనలూ మైలురాళ్లూ పాఠకులకు అక్కర్లేదు. ఫోటో పంపినవారిని ఎంత దూరం నుంచి తీశారో, పక్షి అప్పుడు ఏం చేస్తోందో రెండు వాక్యాలు రాసి పంపమనండి. ఆ ప్రశ్న అడుగుతారని తెలిస్తేనే చాలామంది నాలుగు అడుగులు వెనక్కి వేస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా, పక్షి చిన్నగా ఉండి దాని ఇల్లంతా కనిపించే చిత్రాలకు అప్పుడప్పుడైనా ఆ సగం పేజీ ఇవ్వండి. పెద్దగా కనిపించే బొమ్మలే పిల్లల్లో ఆసక్తి పుట్టిస్తాయని మీ సిబ్బంది అనవచ్చు. పోటీలో తిరస్కరించిన ఆ వాగు చిత్రాన్ని నేను పెద్దగా ముద్రించి ఎనిమిదో తరగతి గోడకు అంటించాను. కింద ‘ఇందులో పక్షి ఎక్కడుంది?’ అని మాత్రమే రాశాను. రెండు రోజులు గోడ దగ్గర గుంపు తగ్గలేదు. నీటిలో ఏదో ఎర్రగా ఉందని చివరికి కనిపెట్టింది వెనక బెంచీ అమ్మాయి. ఆ తర్వాత, అది రాళ్ల రంగులో ఎందుకుంది, ముక్కు ఎందుకు వంగింది, మన వాగులో ఎందుకు లేదు అని వాళ్లు అడిగిన ప్రశ్నలకు పాఠం గంట చాలలేదు.

ఆ చిత్రాన్ని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దాన్ని ప్రచురించాలన్న పట్టింపు నాకు లేదు. ఒకవేళ ప్రచురిస్తే మాత్రం చోటు చాలలేదని అంచులు కత్తిరించి పక్షిని పెద్దది చేయవద్దని మనవి. కుడివైపు పాయలో, ఒకదాని పక్కన ఒకటి ఉన్న మూడు తెల్లరాళ్లకు కొంచెం కింద చూడండి.

భవదీయుడు,
ఒక ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా